వరదగుడి

గేట్స్‌హెడ్‌లో నవంబరు, నాలుగింటికే చీకటి.
ల్యాబు కిటికీలోంచి నది కనపడదు,
బస్సుల లైట్లు వంతెనెక్కడం కనపడుతుంది.
పంతొమ్మిదేళ్లుగా ఒకటే పని నాది:
ముఖం తెలియని ఆడవాళ్ల
గర్భాశయ ముఖద్వారపు కణాల్ని
గాజు పలక మీద ఒక్కొక్కటే పలకరించడం.

మంచివి గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో
ఆరేసిన జాకెట్టు గుడ్డల్లా పరుచుకుని ఉంటాయి.
వాటి నడుమ ఎక్కడో ఒకటి,
ఎండుద్రాక్షలా ముడుచుకున్న నల్లటి కేంద్రకం,
దాని చుట్టూ తెల్లటి ఖాళీ.
చందమామకి గుడి కట్టినట్టు.

ఇస్కపల్లి ఉప్పు కొఠార్లలో మా అవ్వ
ఆ గుడి కోసమే రాత్రుళ్లు ఆకాశం చూసేది.
"దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన,
లేవండే, ఉప్పెత్తండి" అని
అర్ధరాత్రి పదిమందిని లేపేది.
ఒక్క వాన చాలు, నెల కష్టం నీళ్లయిపోవడానికి.

ఆ అవ్వే
ముట్లుడిగిన పన్నెండేళ్లకి మళ్లీ ఎరుపు కనపడితే
సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.
గుడ్డలు తీసుకెళ్లి సవుడు నేలలో పూడ్చేది.
మంచమెక్కాక అడిగితే "వేడి చేసిందిలే" అంది.
ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఇప్పటికీ వేడే.

ఇంత తెలిసీ
నాకొచ్చిన ఉత్తరం నేను తెరవలేదు.
కరెంటు బిల్లు కింద ఒకటి,
పిజ్జా కరపత్రం కింద దాని తర్వాతది.
ఆరేళ్లు.
ఆ బల్ల మీద కాళ్లు ముడిచి పడుకుంటే
కటకానికి ఈ వైపు నుంచి
ఆ వైపుకి వెళ్లిపోతానని భయం.

"నీదెప్పుడైంది, పెట్?" అని డోరీన్ అడిగింది.
ఆమె అందర్నీ పెట్ అనే అంటుంది, బస్సు డ్రైవర్ని కూడా.
పోయినేడే అని అబద్ధమాడాను.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గురువారం వెళ్లాను.
రెండు నిమిషాల పని. అంతే.

మూడో వారంలో, పక్క బల్ల దగ్గర
డోరీన్ ఒక పలక మీద చాలాసేపు ఆగింది.
పెన్నుతో చుక్క పెట్టింది. మళ్లీ చూసి ఇంకో చుక్క.
నా వైపు చూడలేదు. నియమం నియమమే.
టీ తెచ్చినప్పుడు మాత్రం
నా కప్పు పక్కన తన బిస్కెట్టు కూడా పెట్టింది.
ఉత్తరం తర్వాతెప్పుడో వచ్చింది.

కాల్పోస్కోపీ గదిలో వెనిగర్ వాసన.
శుక్రవారం చేపలూ చిప్సూ గుర్తొచ్చి
అంత భయంలోనూ ఆకలేసింది.
తెర మీద నేనే, గులాబీ నేలగా.
వెనిగర్ తగిలిన కాసేపటికి ఒక మూల తెల్లబడింది,
మడిలో ఉప్పు పేరుకున్నట్టు.
"ఒకసారి దగ్గండి" అంది డాక్టర్ ఒలూచి.
దగ్గేలోపు మత్తు సూది దిగింది.
సన్నటి తీగ ఉంగరం, కొంచెం కమురు వాసన,
ఆ తెలుపంతా ఎత్తేసింది. పావుగంట.

"క్యాన్సర్ కాదు. వదిలేస్తే
ఏ పదేళ్లకో అయ్యుండేదేమో."
దూరం వాన, అనుకున్నాను.
నాలుగు వారాలు ఈత కొట్టొద్దంది నర్సు.
నాకు ఈతే రాదు. సరేనన్నాను.
ఆరునెలలకి మళ్లీ పరీక్ష,
తేదీ ఈసారి ఫ్రిజ్ మీద, అయస్కాంతం కింద.

నిన్న బడి నుంచి మావాడు కాగితం తెచ్చాడు,
టీకాకి సంతకం కావాలట.
"ఆడవాళ్ల జబ్బుకి నాకెందుకమ్మా సూది?"
మోసేది ఎవరైనా మోస్తారని చెప్పాను.
తర్వాత, ఎందుకో, అవ్వ సంగతీ చెప్పాను.
ఉప్పు, గుడి, గుడ్డలు, వేడి.
అది వేడి కాదురా అని
అసలు పేరు మా ఇంట్లో మొదటిసారి పైకన్నాను.

వాడు పెన్ను మూత తీస్తూ పెడుతూ కాసేపు కూర్చుని,
"అందర్నీ ఆవిడ లేపేది కదా,
మరి ఆవిణ్ణి ఎవరూ లేపలేదా?" అన్నాడు.